మంచం ఎక్కడ వేసుకోవాలి? ఇంట్లో కరెంటు ఫీల్డును కొలిచి, తగ్గించుకునే పద్ధతి

“అమ్మాయ్, నీ దగ్గర కరెంటు కొలిచే మీటరేదో ఉందట కదా. సాయంత్రం ఒకసారి పట్టుకొస్తావా?” అని పై వాటా పిన్నిగారు ఫోన్ చేశారు. వాళ్ల పడగ్గది కిటికీలోంచి చూస్తే వీధి మూలనున్న ట్రాన్స్‌ఫార్మర్ కనిపిస్తుంది. మా వీధిలో రెండేళ్లలో ఇద్దరు ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అదంతా ట్రాన్స్‌ఫార్మర్ వల్లేనని ఎవరో తేల్చేశారు. పిన్నిగారు రాత్రికి రాత్రే మంచం హాల్లోకి లాగించేశారు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. మీటరు పట్టుకుని వెళ్లాను. ట్రాన్స్‌ఫార్మర్ వైపు కిటికీ దగ్గర 0.09 మైక్రోటెస్లా (కరెంటు తీగల చుట్టూ ఉండే మాగ్నెటిక్ ఫీల్డును కొలిచే లెక్క ఇది). పడగ్గదిలో పాత మంచం ఉన్న చోట 0.05. హాల్లో కొత్తగా వేసిన మంచం దగ్గర, దిండు మీద పెట్టి చూస్తే 1.4! ఆ గోడకు అవతల, బాల్కనీ అలమరలో, ఇన్వర్టరు ఉంది. దూరంగా ఉన్నదానికి భయపడి, పక్కనే ఉన్నదాని ఒళ్లో పడుకున్నారన్నమాట.

ఆ సాయంత్రం వాళ్లింట్లో చేసిన పనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ ఇంట్లో మీరూ చేసుకోవచ్చు. రెండు గంటల పని. మీటరు ఎరువు దొరికితే పైసా ఖర్చు లేదు.

ముందు, ఎంత భయపడాలో తెలుసుకోండి

ఇంటి కరెంటు చుట్టూ రెండు రకాల ఫీల్డులుంటాయి. మొదటిది ఎలక్ట్రిక్ ఫీల్డు. తీగలో వోల్టేజీ ఉంటే చాలు, స్విచ్ వేయకపోయినా ఇది ఉంటుంది. కానీ గోడో చెట్టో అడ్డొస్తే నీరసించిపోతుంది. రెండోది మాగ్నెటిక్ ఫీల్డు. కరెంటు పారుతున్నప్పుడే ఉంటుంది, గోడలు దాన్ని ఆపలేవు. క్యాన్సర్ గురించి జరిగిన పరిశోధనలు దాదాపు అన్నీ ఈ రెండోదాని మీదే.

కథ మొదలైంది 1979లో, అమెరికాలోని డెన్వర్‌లో. నాన్సీ వర్ట్‌హైమర్, ఎడ్ లీపర్ అనే ఇద్దరు అక్కడి పిల్లల్లో క్యాన్సర్‌కీ ఇంటి పక్క కరెంటు లైన్లకీ ఏదో లంకె కనిపిస్తోందని రాశారు. తర్వాత చాలా దేశాల్లో చూశారు. ఆ లెక్కలన్నీ 2000లో కలిపి చూస్తే, ఇంట్లో సగటు ఫీల్డు 0.3 నుంచి 0.4 మైక్రోటెస్లా దాటిన పిల్లల్లో రక్త క్యాన్సర్ దాదాపు రెండింతలుగా కనిపించింది. అంత ఫీల్డు ఉండే ఇళ్లు చాలా తక్కువ. ఫీల్డే కారణమా, మరొకటా అన్నది మాత్రం తేలలేదు. అందుకే 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని ‘2బి’ గుంపులో పెట్టింది. “కారణం కావచ్చు, రుజువు చాలదు” అని దానర్థం. అదే గుంపులో కలబంద ఆకు మొత్తం పిండిన రసం కూడా ఉంది, తూర్పు ఆసియా పద్ధతిలో ఊరబెట్టిన కూరగాయలూ ఉన్నాయి. (ఆవకాయ జోలికి వాళ్లు రాలేదు, కంగారు పడకండి.)

మరి ఆడవాళ్ల సంగతి? 1987లో రిచర్డ్ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త ఒక ఊహ ముందుకు తెచ్చాడు. చీకట్లో మన మెదడు మెలటోనిన్ అనే హార్మోను వదులుతుంది. రాత్రి దీపాలూ కరెంటు ఫీల్డులూ దాన్ని తగ్గిస్తే రొమ్ము క్యాన్సర్ పెరగవచ్చు కదా అన్నాడు. కొట్టిపారేసే ఊహేమీ కాదు, అందుకే గట్టిగానే పరీక్షించారు. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా ఉందని అక్కడి మహిళలే గొడవ చేస్తే, పరిశోధకులు ఇళ్లకు వెళ్లి గదుల్లో ఫీల్డు కొలిచారు. జబ్బు వచ్చినవాళ్ల ఇళ్లకూ రానివాళ్ల ఇళ్లకూ తేడా లేదని 2003లో ప్రకటించారు. ఒంటికి చుట్టుకుని పడుకునే ఎలక్ట్రిక్ దుప్పట్ల మీద అమెరికా నర్సుల అధ్యయనంలో చూసినా ఏమీ తేలలేదు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తం తిరగేసి, ఈ ఫీల్డులు రొమ్ము క్యాన్సర్ తేవని ఆధారాలు సూచిస్తున్నాయని చెప్పింది.

నా మాట అడిగితే ఇంతే చెబుతాను: రొమ్ము క్యాన్సర్ విషయంలో ట్రాన్స్‌ఫార్మర్ మీద నేరం మోపడానికి సాక్ష్యం లేదు. పిల్లల రక్త క్యాన్సర్ విషయంలో చిన్న సందేహం మిగిలే ఉంది. కాబట్టి ఇంట్లో పసిపిల్ల ఉంటే, మీటరు మొదట పెట్టాల్సింది మీ మంచం మీద కాదు, ఉయ్యాల్లో.

మీటరు సంపాదించండి

కావలసింది ‘గాస్ మీటర్’. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కొనక్కర్లేదు, ఇంజినీరింగ్ కాలేజీలోనో పాలిటెక్నిక్‌లోనో తెలిసినవాళ్లుంటే ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. కొన్ని మీటర్లు మిల్లీగాస్‌లో చూపిస్తాయి. 10 మిల్లీగాస్ అంటే 1 మైక్రోటెస్లా. ఈ లెక్క తెలియక “4 వచ్చిందమ్మో” అని గుండెలు బాదుకున్నవాళ్లను చూశాను. అది 0.4 మాత్రమే. ఒకే దిశలో కొలిచే చవక మీటరైతే మూడు వైపులకూ తిప్పి, ఎక్కువ వచ్చిన అంకె రాసుకోండి.

ఫోన్‌లో ఆప్ వేసుకుని కొలవకండి. ఫోన్‌లో ఉండేది దిక్సూచి కోసం పెట్టిన సెన్సరు. అది భూమి అయస్కాంతాన్ని పట్టుకుని 40 చుట్టుపక్కల ఏదో చూపిస్తుంది. భూమిది కదలని ఫీల్డు. మనం వెతుకుతున్నది సెకనుకు 50 సార్లు ఊగేది. పిన్నిగారి మనవడు ఆప్‌లో 43 చూపించి ఇల్లంతా హడలగొట్టాడు!

ఎప్పుడు, ఎక్కడ కొలవాలి

కరెంటు ఎక్కువగా వాడే వేళ కొలవండి. వేసవి రాత్రి తొమ్మిది గంటలకు, ఏసీ, ఫ్రిజ్, టీవీ అన్నీ నడుస్తుండగా. మధ్యాహ్నం పవర్ కట్‌లో ఇన్వర్టరు పని చేస్తున్నప్పుడు ఒకసారి, కరెంటు వచ్చి బ్యాటరీ ఛార్జవుతున్నప్పుడు ఇంకోసారి.

గోడకు ఆనించి కొలిస్తే ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక అంకె వస్తుంది. దానికి అర్థం లేదు. గంటలకొద్దీ మీ ఒళ్లు ఉండే చోటే కొలవాలి: దిండు, మంచం మధ్య, పూజగదిలో పీట, వంటగట్టు ముందు నిలబడే చోటు, కుట్టుమిషను స్టూలు, ఆఫీసు పని చేసే కుర్చీ. ఒక కాగితం మీద చోటు, అంకె, రోజుకు ఎన్ని గంటలు అని మూడు గళ్లు గీసుకోండి. మూడో గడి అన్నిటికన్నా ముఖ్యం. మిక్సీ దగ్గర 5 మైక్రోటెస్లా వచ్చినా అక్కడుండేది రెండు నిమిషాలు. దిండు దగ్గర 1 వస్తే అక్కడుండేది ఎనిమిది గంటలు.

దిండు మీద 0.1 లోపు ఉంటే మామూలు ఇల్లు, మీటరు తిరిగిచ్చేయండి. 0.4 దాటితే కారణం వెతకండి. అది ప్రమాదం గీత కాదు. అంతర్జాతీయ మార్గదర్శకాల్లో జనానికి పెట్టిన హద్దు 200 మైక్రోటెస్లా. కాకపోతే అది నరాల మీద అప్పటికప్పుడు కలిగే ప్రభావాన్ని చూసి పెట్టింది. మంచం రెండడుగులు జరిపితే పోయేదాన్ని భరించడం ఎందుకని, నేను 0.4ను గుర్తుగా పెట్టుకున్నాను.

ఎంసీబీలు ఒక్కొక్కటీ దించండి

అంకె ఎక్కువ వచ్చిన చోట ఒకరు మీటరు పట్టుకుని కూర్చోండి. ఇంకొకరు ఎంసీబీ (లైనుకొకటి చొప్పున ఉండే భద్రతా స్విచ్) బోర్డు దగ్గరకు వెళ్లి ఒక్కొక్కటీ దించుతూ కేకేయాలి. “గీజర్ దించా!” “ఏం మారలేదు!” “హాలు ప్లగ్గులు దించా!” “పడిపోయింది!” పిన్నిగారింట్లో ఈ కేకలకి కింద వాటా వాళ్లు ఏం జరుగుతోందోనని పైకొచ్చారు. ఏది దించితే అంకె పడిందో దొంగ ఆ లైనులోనే ఉన్నాడు. మెయిన్ దించినా అంకె అలాగే ఉంటే అది మీ ఇంటిది కాదు, పక్క వాటాదో వీధి లైనుదో. మెయిన్‌కి ముందే కలిపిన ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపి చూడండి.

ఒక విచిత్రం ఎదురుకావచ్చు. గది నడిమధ్యలో, దగ్గర్లో ఏ వస్తువూ లేకుండా, 0.5 అలా వస్తుంది. చాలాసార్లు ఇది వైరింగ్ తప్పు. ఫేజు తీగలో వెళ్లిన కరెంటు, దాని పక్కనే ఉండే తిరుగుదారి తీగ న్యూట్రల్‌లోంచే వెనక్కి వస్తే రెండిటి ఫీల్డూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఎలక్ట్రీషియన్ ఒక లైనులో ఫేజు తీసుకుని, దగ్గరగా ఉంది కదా అని ఇంకో లైనులోని న్యూట్రల్‌కి కలిపేస్తే, కరెంటు ఇల్లంతా చుట్టి వస్తుంది. రెండు స్విచ్చుల మెట్ల లైటు దగ్గర ఇది ఎక్కువ. మా ఇంట్లోనే పట్టుకున్నాను. అడిగితే “న్యూట్రల్ ఎక్కడిదైతే ఏంటి మేడమ్, వెలుగుతోంది కదా” అన్నాడు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇలా అడగండి: “బోర్డులో ఒక్కో లైను ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి క్లాంప్ మీటర్లో పెట్టి చూడండి.” (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం అది.) సున్నా రావాలి. రాకపోతే న్యూట్రల్ దారి తప్పింది, లేదా కరెంటు ఎర్తులోకి పోతోంది. రెండోదైతే ఫీల్డు సంగతి తర్వాత, షాకు కొడుతుంది. ఆర్‌సీసీబీ అనే భద్రతా స్విచ్ పెట్టించుకుంటే, కరెంటు ఎర్తులోకి పోతున్నప్పుడు అదే పసిగట్టి ట్రిప్పవుతుంది. మాటిమాటికీ ట్రిప్పవుతోందని దాన్ని తీయించేసిన ఇళ్లున్నాయి. బోర్డు మూత మాత్రం మీరు తీయకండి.

పడగ్గది

తల దగ్గర ఏమున్నాయో చూడండి. గోడ అవతల కూడా. ఇన్వర్టరు, ఏసీ స్టెబిలైజరు, ఫ్రిజ్ వెనక భాగం, మీటరు బోర్డు. కాయిల్ ఉన్న వస్తువు ఫీల్డు దూరంతో చాలా వేగంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే ఇంచుమించు ఎనిమిదో వంతుకు వస్తుంది. పిన్నిగారి మంచం ఇన్వర్టరు గోడ నుంచి నాలుగడుగులు జరిపితే 1.4 కాస్తా 0.06 అయింది.

తల దక్షిణానికే ఉండాలంటారా, ఉంచుకోండి. స్టెబిలైజర్‌ని పక్క గోడకు మార్పించండి. వాస్తుతో పోట్లాడటం కంటే రెండు స్క్రూలు విప్పడం తేలిక. ఫోన్ ఛార్జరు దిండు కింద వద్దు. దీనికి కారణం ఫీల్డు కాదు, బ్యాటరీ వేడెక్కి అంటుకోవచ్చు.

వంటిల్లు, ఇస్త్రీ, కుట్టుమిషను

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన పట్టికలో హెయిర్ డ్రయ్యర్‌ని చూడండి. 3 సెంటీమీటర్ల దగ్గర 6 నుంచి 2000 మైక్రోటెస్లా వరకు. 30 సెంటీమీటర్ల దగ్గర మహా అయితే 7. ఒక మీటరు దూరంలో మహా అయితే 0.03. ఇస్త్రీ పెట్టె 30 సెంటీమీటర్లలో 0.3 దాటదు, ఫ్రిజ్ 0.25 దాటదు. మిక్సీ మూత పట్టుకుని నిలబడక తప్పదు. అదెంతసేపు, వదిలేయండి.

ఇండక్షన్ స్టవ్‌కి మాత్రం రెండు జాగ్రత్తలు. గిన్నె అడుగు ఆ గుండ్రం మొత్తాన్నీ కప్పాలి, సరిగ్గా మధ్యలో ఉండాలి. చిన్న గిన్నె పెట్టినా, పక్కకు జరిగినా ఫీల్డు బయటికి ఎక్కువ వస్తుంది. పొట్ట గట్టుకి ఆనించి నిలబడకుండా జానెడు వెనక్కి ఉండండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే వాడాలి. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు సరిగా పడకపోయినా, రబ్బరు చిరిగినా బాగుచేయించేదాకా వాడకండి.

నేను నిజంగా పట్టించుకోమని చెప్పేది కుట్టుమిషను. దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఇంట్లో జాకెట్లు కుట్టి బతికే అక్క రోజుకు ఎనిమిది గంటలు మోటారుకి జానెడు దూరంలో కూర్చుంటుంది. ఆడవాళ్ల పనుల్లో ఫీల్డు ఎక్కువగా పడేవాటిలో మోటారు మిషను మీద కుట్టుపని ఒకటి. పెద్ద మిషన్లకి బల్ల కింద, తొడల పక్కనే క్లచ్ మోటారు ఉంటుంది. కుట్టినా కుట్టకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది. సర్వో మోటారుకి మారితే తొక్కినప్పుడే తిరుగుతుంది. చప్పుడూ కరెంటు బిల్లూ కూడా తగ్గుతాయి. వెంటనే మార్చలేకపోతే గుండీలు కుట్టేటప్పుడు, హెమ్మింగ్ చేసేటప్పుడు మోటారు ఆపేసి, వేరే చోట కూర్చోండి.

ఫోన్, వైఫై

ఇది వేరే జాతి, రేడియో తరంగాలు. 2011లో వీటినీ అదే ‘2బి’లో పెట్టారు, మెదడు గడ్డల సందేహంతో. బ్రిటన్‌లో 7,76,000 మంది మహిళల్ని సగటున 14 ఏళ్లు గమనించి, ఫోన్ వాడేవాళ్లలో మెదడు గడ్డలు ఎక్కువేమీ లేవని 2022లో చెప్పారు.

మనకున్న ప్రత్యేక అలవాటు ఒకటి: ఫోన్ జాకెట్టులో దోపుకోవడం. సంతకెళ్లినా, పొలానికెళ్లినా, ఉపాధి పనికెళ్లినా అదే జేబు. అమెరికాలో ఇలా ఫోన్ పెట్టుకునే నలుగురు యువతులకు సరిగ్గా అక్కడే రొమ్ము క్యాన్సర్ వచ్చిందని 2013లో డాక్టర్లు రాశారు. నలుగురి ఉదంతంతో ఏదీ రుజువు కాదు. అయినా ఫోన్ చెమటకి పాడవుతుంది, ఎండకి వేడెక్కుతుంది. నడుముకి చిన్న గుడ్డ సంచీ కుట్టుకోండి, ముప్పావు గంట పని. సిగ్నల్ లేని చోట ఫోన్ గట్టిగా అరుస్తుంది, అంటే ఎక్కువ పవర్‌తో పని చేస్తుంది. లిఫ్టులో, ఊరి చివర మాట్లాడాల్సి వస్తే స్పీకర్ పెట్టండి. *#07# కొడితే మీ ఫోన్ ‘సార్’ విలువ, అంటే ఒంట్లోకి ఇంకే రేడియో పవర్ లెక్క, వస్తుంది. మన దేశంలో హద్దు కిలోకు 1.6 వాట్లు. వైఫై డబ్బా గురించి నేను నిద్ర చెడగొట్టుకోను, మీరూ వద్దు.

ఇంటి బయట లైన్లు

ఇక్కడ క్యాన్సర్ కన్నా చాలా దగ్గర్లో ఉన్న చావు గురించి చెప్పాలి. నిబంధనల ప్రకారం 11 కేవీ (11 వేల వోల్టుల) తీగ ఇంటి గోడకు పక్కగా కనీసం 1.2 మీటర్లు, 33 కేవీ తీగ 2 మీటర్లు దూరంలో ఉండాలి. డాబా మీద నుంచి 3.7 మీటర్ల ఎత్తు వదలాలి. బాల్కనీ ముందుకు పెంచి, తీగ చేతికందేలా కట్టుకున్న ఇళ్లు మా వీధిలోనే మూడున్నాయి. అక్కడ ఇనప తీగతో దండెం కట్టి తడి చీర విసురుతారు. దండెం ఆ వైపు నుంచి తీసేయండి, ప్లాస్టిక్ తాడు కట్టండి, డాబా మీద ఇనప గొట్టం నిలువుగా ఎత్తకండి. తీగ వేలాడుతుంటే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మెరుపులొస్తుంటే 1912కి ఫోన్ చేసి కంప్లయింటు నంబరు రాసుకోండి.

పెద్ద టవర్ల లైను పక్కన స్థలం కొంటున్నారా? కొనకముందే మీటరు తీసుకెళ్లి రాత్రి పూట కొలవండి. 132 కేవీ లైనుకి మొత్తం 27 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్ల వెడల్పు దారి వదలడం పద్ధతి. బ్రోకరు చెప్పిన అడుగుల్ని నమ్మకండి, టేపు పట్టండి.

ఇవి కొనకండి

రేడియేషన్ తాగేసే స్టిక్కర్లు, లాకెట్లు, రాగి పిరమిడ్లు. నెదర్లాండ్స్‌లో 2021 డిసెంబరులో అణు భద్రతా సంస్థ ‘5జీ నుంచి కాపాడే’ లాకెట్లూ కంకణాలూ పరీక్షిస్తే, పది రకాల్లోంచి అసలైన అణు రేడియేషన్ వస్తోందని తేలింది. అందులో పిల్లలకని అమ్మే కంకణం కూడా ఉంది. లేని ప్రమాదానికి భయపడి ఉన్న ప్రమాదాన్ని మెడలో వేసుకున్నట్టు!

ఆఖరి పని మీటరుతో కాదు

పిన్నిగారింట్లో మంచం సర్ది, మీటరు సంచిలో పెట్టుకుంటుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించారు. “ఇంకో మాట... చంక కింద గోలీకాయంత ఏదో తగులుతోంది. సంక్రాంతి నుంచి. దీని వల్లేమో అనే నిన్ను పిలిచా.” అప్పటికి శ్రావణమాసం వచ్చేసింది.

ఏడు నెలలు. ట్రాన్స్‌ఫార్మర్‌ని అనుమానించడానికి ఆవిడకు ఒక్క రోజు పట్టింది, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఏడు నెలలు చాల్లేదు. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్లాను. అల్ట్రాసౌండ్ చేసి, సూదితో కొంచెం తీసి చూసి, కొవ్వు గడ్డేనన్నారు.

ముంబైలోని టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి, మురికివాడల్లోని లక్షన్నర మంది మహిళల మీద ఒక పరీక్ష చేశారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్షించారు, అంతే. 50 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో తేలింది. యంత్రాలేమీ లేవు, ఒక చెయ్యి.

కాబట్టి 30 దాటిన మీరు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, ఏఎన్ఎంని అడగండి. రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోరు, ఈ మూడూ ఐదేళ్లకోసారి ఉచితంగా పరీక్షించాలన్నది ప్రభుత్వ పథకమే. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో అడ్డపొగ తాగే అమ్మమ్మలున్న ఇళ్లవాళ్లు వాళ్లనీ వెంటబెట్టుకెళ్లండి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునే ఆ అలవాటు అంగిటి క్యాన్సర్ తెస్తుందని వైద్యులు యాభై ఏళ్ల కిందటే రాశారు. అంగిట్లో తెల్ల మచ్చలున్నాయేమో చూడమనండి.

ఐదేళ్లదాకా ఆగకుండా వెంటనే వెళ్లాల్సినవి: రొమ్ములోగానీ చంకలోగానీ గడ్డ, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడటం, చనుమొన లోపలికి లాక్కుపోవడం, దాన్నుంచి రక్తం, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడటం, కలయిక తర్వాత రక్తం. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, మొదట్లో చాలా గడ్డలు నొప్పి పెట్టవు.

మామోగ్రామ్ రాసిస్తే, ముట్టు అయిన వారానికి వెళితే నొప్పి తక్కువగా ఉంటుంది. ఆ రోజు చంకల్లో పౌడరు, సెంటు వేసుకోకండి, ఫిల్ములో చుక్కల్లా పడి డాక్టరుని తికమక పెడతాయి. చీరగానీ, పైన విడిగా తీసేయగలిగే టాపుగానీ కట్టుకెళ్లండి. పాత రిపోర్టులుంటే పట్టుకెళ్లండి, పక్కన పెట్టి పోల్చి చూస్తారు.